చెత్తజాబులను తూర్పాఱబట్టుట



ఈ పూట నేను ముచ్చటింప బూనిన విషయము పేరునకు క్రొత్తదే కాని స్వభావమునకు మిక్కిలి ప్రాతది. ఇప్పుడు మన చేతి ఫోనులలో ఈ-మెయిలు అను తపాలాపెట్టె యొకటి యుండుచున్నది. పింఛను సంగతులు, బ్యాంకు లెక్కలు, దూరదేశములనున్న బిడ్డల జాబులు అందు వచ్చుచున్నవి. వానితోపాటు మనము కోరనివి, మన కక్కఱలేనివి, ఒక్కొక్కప్పుడు మన కొంప ముంచునవి యగు జాబులును దినదినము వచ్చి పడుచున్నవి. వీనిని ఇంగ్లీషువారు స్పాము అందురు. నేను చెత్తజాబులని వ్యవహరించెదను. మంచి జాబులనుండి వీనిని వేఱుచేయుట యెట్లు? వేఱుచేయుటలో మనము చేయు పొరపాటు లెట్టివి? ఇదియే నేటి ప్రసంగము.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. తెలుగు పండితుడనుగా బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అయినను ఈ విషయమున నా తొందరపాటుచేత ఒక యింటివారికి నష్టము కలిగినది. ఆ నష్టమే నాకు ఈ పాఠము నేర్పినది. కావున చెప్పుటకు పాండిత్యము చాలకున్నను చెప్పవలసిన బాధ్యత నాపై నున్నదని తలంచి మీ యెదుటికి వచ్చితిని.

ముందుగా దీని పుట్టుక చెప్పెదను. పెద్దలకు జ్ఞాపకముండవచ్చును, వెనుక మన యిండ్లకు కార్డులును కరపత్రములును వచ్చుచుండెడివి. ఫలానా క్షేత్రమున సర్పము మానవభాషలో పలికెననియు, ఈ సంగతి ఇంతమందికి వ్రాసినవానికి ధనలాభము కలిగెననియు, కార్డు చింపినవానికి కీడు మూడెననియు వానిలో వ్రాసి యుండెడిది. భయస్థులు కూర్చుండి పది కార్డులు వ్రాసెడివారు. ధైర్యవంతులు పొయ్యిలో వేసెడివారు. అవియు చెత్తజాబులే. అయినను అవి ఊరిని ముంచెత్తలేదు. ఏలయనగా కార్డు వెల యుండెను, వ్రాయు చేతికి నొప్పి యుండెను.

ఈ వెల యను మాటను కొంచెము విచారింపుడు. ఆంగ్లేయుల యేలుబడిలో 1854వ సంవత్సరమున దేశమంతటికిని ఒకే తీరున తపాలా రుసుము నిర్ణయింపబడినది. పావు తులము తూకము గల జాబునకు అర్ధణా బిళ్ల యంటించినచో దూర మెంతయైనను పోవుచుండెడిది. మన హైదరాబాదు సంస్థానమున ప్రభుత్వమువారు తమ సొంత తపాలా బిళ్లలను 1869లో వెలువరించిరి. ఆ అర్ధణా చూపునకు స్వల్పమే. కాని అది వ్రాయువానికిని పుచ్చుకొనువానికిని నడుమ కావలివాని వలె నిలిచినది. లక్షమందికి వ్యర్థపు జాబులు వ్రాయవలె ననుకొన్నవాడు లక్ష యర్ధణాలను లెక్కించుకొనవలసి యుండెను. అందుచేత పని గలవాడే జాబు వ్రాసెను.

ఈ-మెయిలునకు ఆ అర్ధణా లేదు. 1971లో అమెరికాదేశమున రే టామ్లిన్సన్ అను యంత్రనిపుణుడు ఒక కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరునకు జాబు పంపు నుపాయము కనిపెట్టెను. వ్యక్తి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు మనము వ్రాయు చుట్టచుట్టిన గుర్తును ఎన్నుకొన్నవాడును ఆయనయే. ఏడేండ్లు తిరుగక మునుపే, 1978 మే 3వ తేదీన, గ్యారీ థ్యూర్క్ అను వర్తక ప్రతినిధి తన సంస్థ కంప్యూటర్లను అమ్ముకొనుటకై ఒకే జాబును సుమారు 400 మందికి ఒక్కమాఱుగా పంపెను. మొదటి చెత్తజాబు అదియే యని చెప్పుదురు. 1994 ఏప్రిలులో ఇద్దఱు అమెరికా న్యాయవాదులు తమ దేశమున స్థిరనివాసపు చీటీల విషయమై కంప్యూటరు చర్చామండలులు వేలకొలది యుండగా అన్నింటను ఒకే ప్రకటనను గ్రుమ్మరించిరి. అది మొదలు ఈ ప్రవాహమునకు కట్ట తెగినది.

స్పాము అను పేరు పుట్టిన విధము వింతైనది. 1937 నుండి అమెరికాలో ఆ పేరుతో డబ్బాలలో మాంసము నమ్ముచున్నారు. 1970లో ఇంగ్లండునందలి హాస్యనటులు ఒక ప్రహసనము నాడిరి. అందలి భోజనశాలలో ఏ వంటకము నడిగినను ఆ డబ్బా మాంసమే కలిసి యుండును. ప్రక్కన కూర్చున్నవారు ఆ మాటనే పదేపదే పాడుచు ఇతరుల మాట వినబడకుండ చేయుదురు. చెత్తజాబులు చేయు పనియు నదియే గదా! అక్కఱలేని కేకలలో అక్కఱ గల పిలుపు వినబడకుండ పోవును. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. నా కథ దీనితోనే ముడివడి యున్నది.

నేను ఎల్లారెడ్డిలో కాపురముండువాడను. ఉద్యోగము విడిచిన పిమ్మట మా అమ్మాయి నాకు ఒక ఈ-మెయిలు చిరునామా ఏర్పఱచి యిచ్చినది. కొన్నాళ్లు దానిలోనికి నాలుగైదు జాబులకంటె నెక్కువ వచ్చెడివి కావు. ఒకనాడు లింగంపేట మీదుగా పోవు బస్సులో కామారెడ్డికి పోయి ఒక దుకాణమున మిక్సీ కొంటిని. దుకాణదారు బిల్లు వ్రాయుచు నా ఫోను నంబరును, ఈ-మెయిలు చిరునామాను అడిగెను. అడిగినవానికి అక్షరము తప్పకుండ చెప్పుట బడిపంతుళ్ల అలవాటు. చెప్పితిని. తరువాత మఱి రెండు మూడు చోట్లను చెప్పితిని. ఎవరి వలన ఎవరికి చేరెనో కాని, కొన్ని నెలలకు దినమునకు 40 జాబులు వచ్చి పడజొచ్చినవి. అప్పు కావలయునా యని కొన్ని, లాటరీ తగిలిన దని కొన్ని, పరదేశములకు వీసా సిద్ధముగా నున్నదని మఱికొన్ని.

నాకు కోపము వచ్చినది. ఒక తెలిసిన కుఱ్ఱవానిచేత ఫిల్టరు అను కట్టుబాటు నొకదానిని పెట్టించితిని. ఫిల్టరనగా వడకట్టు సాధనము. అప్పు, లాటరీ, వీసా అను నర్థము గల ఇంగ్లీషు మాటలలో ఏది యున్నను ఆ జాబు నా కంటబడకుండ తిన్నగా చెత్తబుట్టలో పడవలెనని యాజ్ఞ. మఱునాటినుండి పెట్టె శుభ్రమైనది. నా బుద్ధికుశలతకు నేనే మురిసికొంటిని. తరువాత ఆ కట్టుబాటు మాటయే మఱచితిని.

మా వాడలో ఒక రైతు కలడు. ఆయన కుమారుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చి, దుబాయిలో కొలువునకై ప్రభుత్వ నమోదు గల ఒక ఏజెంటు ద్వారా దరఖాస్తు పెట్టుకొనెను. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయి కష్టించువా రెందఱో మీ రెఱుగుదురు. ఆ కుఱ్ఱవానికి సొంత ఈ-మెయిలు లేకుండుటచే, వచ్చు కబురు నా చిరునామాకు వచ్చునట్లు వ్రాయించెను. నా శిష్యుడు గాన నేనును సంతోషముతో నొప్పుకొంటిని.

తండ్రి మూడు దినముల కొకసారి మా యరుగు కడకు వచ్చెడివాడు. "సారూ, మా పిలగాని కాయితం ఏమన్న వచ్చిందా?" అని యడిగెడివాడు. నేను ఫోను తెఱచి చూచి, "ఇంకా రాలేదు నాయనా, వస్తే నేనే కబురు పంపుతా" అని చెప్పెడివాడను. ఇట్లు మూడు వారములకు పైగా గడచినవి.

అప్పుడొక జాబు వచ్చినది. దుబాయిలో కొలువు సిద్ధమనియు, వైద్యపరీక్షకును స్టాంపింగునకును 25,000 రూపాయలు రెండు దినములలో పంపవలయుననియు, ఆలస్యమైనచో ఆ చోటు మఱియొకరికి పోవుననియు నందుండెను. నేను ఆ జాబును పూర్తిగా నమ్మితిని. తండ్రికి చదివి వినిపించితిని. ఆయన మాఱు మాటాడక పాడిబఱ్ఱెను అమ్ముటకు బేరము పెట్టెను.

మఱునాడు సెలవులకు మా మనుమరాలు హైదరాబాదునుండి వచ్చినది. ఆ జాబును చూచి, "తాతయ్యా, ఇది కంపెనీ చిరునామా కాదు, ఎవరైనా ఉచితంగా తెరుచుకునే చిరునామా. పైగా ఇందులో వీసా అనే మాటను అక్షరాల మధ్య చుక్కలు పెట్టి రాశారు, చూడు" అన్నది. ఏల అట్లు వ్రాసిరని యడిగితిని. "నీలాంటి వాళ్లు పెట్టుకున్న ఫిల్టరుకు దొరక్కుండా" అని చెప్పి చెత్తబుట్ట తెఱచినది. అందు ఏజెంటు పంపిన నిజమైన జాబు పడి యున్నది. అది వచ్చి 26 దినము లైనది. బుట్టలో పడినది 30 దినములకు తనంతట తానే నశించును. నాలుగు దినము లాలస్యమైనచో దాని జాడయే తెలియకుండెడిది. హైదరాబాదులో పరీక్షకు రమ్మన్న తేదీ అంతకు రెండు దినముల క్రిందటనే దాటిపోయినది.

చూచితిరా! నిజమైన జాబు దాపఱికము లేనిది గాన వీసా అను మాటను ఉన్నదున్నట్లు వ్రాసి నా వలలో చిక్కినది. దొంగజాబు వేషము వేసికొని నా వలను దాటి పెట్టెలో కూర్చున్నది. నేను కట్టిన దడి ఆవును ఆపి తోడేలును విడిచినది.

ఆ తండ్రికి ఈ సంగతి చెప్పుటకు నాకు నోరు రాలేదు. అయినను పోయి చెప్పితిని. ఆయన కొంతసేపు నేల చూచి, "పోనీ సారూ, బర్రె మిగిలింది" అనెను. ఆ కుఱ్ఱవానికి మరల పిలుపు వచ్చుటకు ఎనిమిది నెలలు పట్టినది. ఆ యెనిమిది నెలల కూలి నా కట్టుబాటు మ్రింగినది. ఆ పెద్దమనిషి నన్ను ఒక్క మాటయు అనకపోవుటయే నాకు పెద్ద శిక్ష యైనది.

అటుపిమ్మట నేను చేసిన తప్పు ఎట్టిదో విచారించితిని. మా గురువుగారు తర్కశాస్త్రము చెప్పునపుడు హేత్వాభాసములను గూర్చి బోధించెడివారు. కొమ్ములున్నవి గాన ఇది ఆవే యని ఒకడు సాధించినచో, బఱ్ఱెకును కొమ్ములుండును గదా యని మఱియొకడు త్రోసివేయును. ఇట్లు సాధింపబూనిన దానియందును, దానికి వేఱైనదానియందును సమానముగా నుండు హేతువును సవ్యభిచార మందురు. అది హేతువు వలె కనబడునే కాని హేతువు కాదు. వీసా అను మాట దొంగజాబునందును ఉండును, మంచిజాబునందును ఉండును. దానినొక్కదానినే పట్టుకొని తీర్పు చెప్పిన నేను, కొమ్ములు చూచి ఆవని పలికినవాని వంటివాడనే. నలువది యేండ్లు చదివిన చదువు అక్కఱ పడినవేళ అక్కఱకు రాలేదు.

అయినచో సరియైన తీర్పు ఎట్లు చెప్పవలయును? ఇంగ్లండులో టన్‌బ్రిడ్జి వెల్స్ అను నూర థామస్ బేయిస్ అను క్రైస్తవ మతబోధకు డుండెను. ఆయన 1761లో గతించెను. ఆయన వ్రాసి యుంచిన గణితవ్యాస మొకటి 1763లో వెలుగు చూచినది. కంటబడిన గుర్తులనుబట్టి, కంటబడని కారణము ఎంతవఱకు సంభవమో లెక్కించు పద్ధతి యందున్నది. 1998లో కొందఱు శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిని చెత్తజాబుల కన్వయించి ప్రకటించిరి. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం అను నతడు దానినే యందఱికి తెలియునట్లు వ్యాసముగా వ్రాసి ప్రసిద్ధికి తెచ్చెను.

ఆ పద్ధతిని మన లెక్కలో చెప్పెదను. ఈ యంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒకని పెట్టెలో 100 చెత్తజాబులు, 100 మంచిజాబులు ఉన్నవనుకొందము. వీసా అను మాట చెత్తలో 40 జాబులందును, మంచిలో 20 జాబులందును ఉన్నది. అనగా ఆ మాట గల 60 జాబులలో 40 చెత్త, 20 మంచి. మూడింట రెండు పాళ్లు అనుమానము. అనుమానమే కాని నిశ్చయము కాదు. ఇక ఎల్లారెడ్డి అను మాట చెత్తలో ఒక్క జాబునందే యున్నది, మంచిలో 30 జాబులందున్నది. ఇప్పుడు రెండు మాటలును గల జాబొకటి వచ్చినది. చెత్త వైపు 40ని 1చే గుణించిన 40. మంచి వైపు 20ని 30చే గుణించిన 600. మొత్తము 640లో చెత్త పాలు 40, అనగా పదునాఱింట నొకటి. ఒక్క మాటను చూచినప్పుడు దోషిగా తోచిన జాబు, రెండవ మాటను గూడ చూడగానే నిర్దోషి యైనది. ఆ కుఱ్ఱవాని జాబులో అతని యూరు, పేరు, నేర్చిన పని అన్నియు నుండెను. ఈ పద్ధతి యుండినచో అది చెత్తబుట్టలో పడుట దుర్లభము.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచినచో చాలునని స్థాలీపులాకన్యాయము చెప్పుచున్నది. అది ఒక కుండలోని బియ్యమునకు చెల్లును. ఒకే నీరు, ఒకే నిప్పు గదా. జాబుల కది చెల్లదు. జాబులో ప్రతి మాటయు తన తూకము తాను చెప్పవలయును. పంచాయతీలో ఒకని వాంగ్మూలము విని తీర్పు చెప్పని పెద్దమనుషులకు ఈ సంగతి నేను వేఱుగ చెప్ప నక్కఱలేదు.

గ్రాహం చేసిన మఱియొక యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. అతడు మంచిజాబులలో కనబడు మాటలను ఒకటికి రెండుగా లెక్కించెను. ఏలయనగా చెత్తజాబు ఒకటి పెట్టెలో దూఱినచో దానిని తీసివేయుట కొక క్షణము పట్టును. మంచిజాబు ఒకటి చెత్తలో పోయినచో ఎవని బ్రతుకు పోవునో తెలియదు. ఈ రెండు తప్పులును సమానములు కావు. కావున అనుమానము గలచోట మంచి వైపే మొగ్గవలయునని అతని యభిప్రాయము.

కళ్లమున తూర్పాఱబట్టు రైతు ఈ ధర్మమును ఎన్నడో యెఱుగును. అతడు చాట నెత్తి, గాలివాలు చూచి ధాన్యమును జాఱవిడుచును. గింజ కాళ్లకడ రాలును, తాలు దూరముగా పోవును. గాలి లేనిచో తాలు పోదు. పెనుగాలి యైనచో గింజయు తాలుతో ఎగిరిపోవును. అందుచేత అతడు పెనుగాలిలో తూర్పాఱబట్టడు. పట్టిన పిమ్మట తాలుకుప్పను ఊరక తగులబెట్టడు. ఇల్లాలు దానిని మరల నొకసారి చెఱిగి, మిగిలిన గింజల నేఱుకొనును. నేను పెనుగాలిలో తూర్పాఱబట్టితిని. తాలుకుప్ప వంక చూడనైన చూడలేదు. నా రెండు తప్పులును అవియే.

ఇప్పుడు పెద్ద సంస్థలు తామే ఈ తూర్పాఱను నిత్యము చేయుచున్నవి. 2004 ఏప్రిలు 1వ తేదీన మొదలైన జీ-మెయిలు మనలో పలువురకు గలదు. తమవారికి వచ్చు చెత్తలో నూటికి 99.9 పాళ్లకు మించి తామే ఆపుచున్నామని ఆ సంస్థవారు చెప్పుచున్నారు. జాబు నిజముగా ఆ పేరుగల సంస్థనుండియే వచ్చినదా యని ముద్రను పరీక్షించు ఏర్పాట్లును కలవు. వానిలో డీమార్క్ అనునది 2012లో వెలువడినది. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దయెత్తున జాబులు పంపు వర్తకులకు కొన్ని నియమములు పెట్టినవి. వారు తమ జాబులపై సరియైన ముద్ర వేయవలయును. వలదన్నవాడు ఒక్క నొక్కుతో తప్పించుకొను వీలు కల్పింపవలయును. వారిపై ఫిర్యాదులు వేయింటికి 3 చేరరాదు.

పోయిన అర్ధణాను తిరిగి తెచ్చుటకును యత్నములు జరిగినవి. జాబు పంపు ప్రతిసారి పంపువాని యంత్రము ఒక చిన్న లెక్కను సాధింపవలయునని 1992లో ఇద్దఱు శాస్త్రజ్ఞులు సూచించిరి. ఒక జాబునకు అది భారము కాదు. కోటి జాబులకు మోయరాని బరువగును. అయినను అది లోకాచారము కాలేదు. 2004 జనవరిలో బిల్ గేట్స్ రెండేండ్లలో ఈ పీడ వదలునని చెప్పెను. ఇరువది యేండ్లు దాటినను వదలలేదు. జల్లెడ కన్ను సన్నమైనకొలది దొంగ యింకను సన్నబడుచున్నాడు.

ఇందొక క్రొత్త చిక్కును చెప్పవలసి యున్నది. వెనుక దొంగజాబులను భాషాదోషములనుబట్టి నేను సులభముగా పట్టగలిగెడివాడను. కర్త యొకచోట, క్రియ యొకచోట నుండెడివి. ఇప్పుడు కృత్రిమ మేధ యను యంత్రబుద్ధి అడిగినవాని కెల్ల నిర్దుష్టమైన వాక్యములు వ్రాసి యిచ్చుచున్నది. తెలుగున గూడ వ్రాయుచున్నది. మంచి వ్యాకరణము మంచి మనసునకు గుర్తు కాదని ఈ వయసున నేర్చుకొనవలసి వచ్చినది.

ఇక పెద్దలు పాటింపదగిన పద్ధతులను వరుసగా చెప్పెదను.

మొదటిది: చిరునామాను అడిగిన ప్రతివానికి చెప్పవలదు. దుకాణముల కొకటి, బ్యాంకునకు పింఛనుకు బంధువులకు మఱియొకటి, ఇట్లు రెండు చిరునామాల నుంచుకొనుట మేలు. వీథి అరుగు వేఱు, పడకటిల్లు వేఱు గదా.

రెండవది: చెత్తజాబు వచ్చినచో ఊరక తుడిచివేయక, స్పామని తెలుపు గుర్తును నొక్కుడు. అట్లు చేసినచో యంత్రము నేర్చుకొనును. మంచిజాబు పొరపాటున అందు పడినచో, స్పాము కాదను గుర్తును నొక్కుడు. పిల్లవానికి తప్పును ఒప్పును రెండును చెప్పినప్పుడే చదువు వచ్చును.

మూడవది: తెలిసిన సంస్థ పంపు ప్రకటనలు విసుగైనచో, ఇక పంపవలదను నేర్పాటు జాబు తలపునో అడుగుననో ఉండును, దానిని వాడుడు. ఎఱుగనివాని జాబులో మాత్రము ఏ మీటను నొక్కవలదు, ప్రత్యుత్తరము వ్రాయవలదు. తిట్టుటకైనను వ్రాయవలదు. ఈ యింట మనుషు లున్నారని దొంగకు తెలియుటయే వానికి లాభము. జాబులోని బొమ్మలు తెఱచుకొన్నను ఆ సంగతి వానికి తెలియవచ్చును.

నాల్గవది: తండ్రి పేరు వలె ఎఱిగిన పేరు కనబడినను, దాని వెనుకనున్న పూర్తి చిరునామాను చూడుడు. తొందరపెట్టు జాబును నెమ్మదిగా చదువుడు. ముందుగా డబ్బు పంపుమన్న జాబును ఇంకొకరికి చూపింపుడు. నేను అరువదియేండ్లు దాటినవాడను, చదువుకొన్నవాడను. నాకు తెలియని గుర్తును పదునాఱేండ్ల మనుమరాలు ఒక్క చూపున కనిపెట్టినది. చిన్నవారి నడుగుటకు సిగ్గుపడవలదు.

అయిదవది, నా కన్నింటికంటె ముఖ్యమైనది: ఒక్క మాటను పట్టుకొని జాబులను నశింపజేయు కట్టుబాటును ఎన్నడును పెట్టవలదు. తప్పదన్నచో వానిని వేఱొక యఱలో వేయించుడు, కాని చెత్తబుట్టలో వేయింపవలదు. వారమున కొక దినము, సంతకు పోవు దినమువలె గుర్తుంచుకొని, స్పాము అఱను తెఱచి చూడుడు. జీ-మెయిలులో ఆ యఱలోని జాబులును 30 దినములకు పోవును. తాలుకుప్పను చెఱుగక తగులబెట్టవలదు.

గల్ఫు కొలువుల విషయమున మఱొక్క మాట. 1983 నాటి వలసల చట్టము ప్రకారము నమోదైన ఏజెంట్ల పేర్లు భారత విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టలునందు చూడవచ్చును. అందు లేనివాడు ఎంత తియ్యగా వ్రాసినను నమ్మరాదు. మన రాష్ట్రప్రభుత్వమువారి టామ్‌కామ్ సంస్థయు పరదేశపు కొలువులకు మనుషులను పంపుచున్నది. ఒకవేళ మోసపోయి డబ్బు పంపినచో, పరువు పోవునని దాచుకొనక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు. జాతీయ సైబర్ నేరముల పోర్టలునందును ఫిర్యాదు వ్రాయవచ్చును. ఎంత త్వరగా చెప్పిన డబ్బు నిలుచుటకు అంత యాశ. కంప్యూటరు మూలమున ఇంకొకరి వేషముతో మోసగించువానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వఱకు కారాగారము, లక్ష రూపాయల వఱకు జరిమానా కలవు.

శ్రోతలారా, నిజాంసాగరము కట్ట గట్టిగా నుండుట యెంత యవసరమో, దాని తూములు వేళకు తెఱచుటయు అంతే యవసరము. కట్ట లేనిచో ఊళ్లు మునుగును. తూము తెఱవనిచో పొలము లెండును. తపాలాపెట్టెకును ఇదే ధర్మము. దొంగ రాకుండ తలుపు వేసికొనుడు. కాని మన తలుపు తట్టువారిలో ఒకడు తన కూటికై వచ్చిన పొరుగింటి బిడ్డ కావచ్చునని మఱవకుడు.

ఆ కుఱ్ఱవాడు ఇప్పుడు దుబాయిలోనే యున్నాడు. నెల కొకసారి నాకు జాబు వ్రాయుచుండును. అది నేరుగా పెట్టెలోనికే వచ్చును. అయినను వారమున కొకసారి నేను స్పాము అఱను తెఱచి, ఒక్కొక్క పేరు చదివి, పిమ్మట మూయుచున్నాను. ఆయన తండ్రి ఇప్పటికిని మా యరుగు కడకు వచ్చును. ఏమియు అడుగడు. నేనే చెప్పుదును: "అంతా చూసిన నాయనా, ఏమీ పోలేదు" అని.